స్పర్శ విలువ: ఎలక్ట్రానిక్ చర్మానికి రాయవేలూరు పూర్వకథ

మరమనిషి వేళ్లకు స్పర్శజ్ఞానం కల్పించే ఎలక్ట్రానిక్ చర్మాన్ని గురించీ, ఒంటికి అంటుకొని నాడినీ ఉష్ణోగ్రతనూ లెక్కగట్టే పలుచని పట్టీలను గురించీ మీరు పత్రికలలో చదివే ఉంటారు. ఇవి దూరదేశపు వింతలని మనం అనుకుంటాము. కాని పోయిన స్పర్శకు బదులుగా యంత్రాన్ని అమర్చాలని తొలినాళ్లలో ప్రయత్నించిన వైద్యులలో ఒకరు మన పొరుగునే ఉన్న రాయవేలూరులో ఏళ్ల తరబడి పనిచేశారు. నగరి, పుత్తూరు, చిత్తూరు ప్రాంతాలవారు నేటికీ పెద్ద జబ్బు చేస్తే పోయే ఊరే అది.

ఆయన పేరు పాల్ బ్రాండ్. 1914లో తమిళదేశపు కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు జన్మించారు. లండన్‌లో శస్త్రవైద్యం అభ్యసించి, 1946లో రాయవేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చేరారు. కుష్ఠురోగంలో వేళ్లు వాటంతట అవే కుళ్లి రాలిపోతాయని ఆనాడు వైద్యులలో కూడా చాలామంది నమ్మేవారు.

ఒకనాడు తుప్పు పట్టిన తాళం ఆయన ఎంత తిప్పినా తిరగలేదు. పక్కనున్న కుష్ఠురోగి అయిన బాలుడొకడు దానిని ఒక్క పట్టున తిప్పేశాడు. చూస్తే వాని వేలు ఎముక కనబడేటంత లోతుగా తెగి, నెత్తురు కారుతున్నది. ఆ సంగతి వానికి తెలియనే లేదు. ఇటువంటి అనుభవాల నుండి బ్రాండ్ ఒక సత్యాన్ని గ్రహించారు. వ్యాధి నరాలను చంపుతుంది. నొప్పి తెలియక తగిలించుకున్న గాయాలే వేళ్లను హరిస్తాయి. అందుకే ఆయన స్నాయువులను మార్చి కట్టి వంకరపోయిన చేతులను సరిచేయడంతో పాటు, మెత్తని రబ్బరు అడుగుతో చెప్పులు చేయించారు.

1966లో ఆయన అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ తన బృందంతో కలిసి, ఒత్తిడిని కొలిచే పరికరాలను చేతి తొడుగులలోనూ మేజోళ్లలోనూ అమర్చారు. ఒత్తిడి మితిమీరితే మోత మోగేది. రోగులు దానిని లక్ష్యపెట్టలేదు. అప్పుడు స్పర్శ మిగిలిన చోట చిన్న విద్యుత్ ఘాతం తగిలేలా చేశారు. రోగులు పని అవసరమైనప్పుడు మీట ఆపి, పని ముగిశాక మళ్లీ వేసుకునేవారు. ప్రయోగం విఫలమైంది. ఆపివేయగల హెచ్చరిక నొప్పికి సాటి రాదని బ్రాండ్ తేల్చారు.

ఆ తరువాత పరికరాలు ఎంతో మెరుగుపడ్డాయి. 2004లో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన తకావో సోమెయా బృందం, వంగే ప్లాస్టిక్ పొరపై సేంద్రియ ట్రాన్సిస్టర్లు పరచి ఒత్తిడిని గుర్తించింది. 2010లో స్టాన్‌ఫర్డ్‌లో జెనాన్ బావ్ బృందం, రబ్బరు పొరలో కంటికి కనబడనంత చిన్న పిరమిడ్లను తీర్చి, ఈగ వాలినంత తేలికపాటి ఒత్తిడినీ పట్టుకోగలిగింది. 2011లో జాన్ రోజర్స్ బృందం, పచ్చబొట్టు వలె చర్మానికి అంటుకునే పరికరాన్ని తయారుచేసింది. గుర్తించే శక్తి పెరిగింది. హెచ్చరికను మనిషి మన్నిస్తాడా అన్న బ్రాండ్ ప్రశ్న మాత్రం అలాగే ఉన్నది.

ఈ కథ కుష్ఠురోగులకే పరిమితం కాదు. చక్కెర వ్యాధి ముదిరితే అరికాలి నరాలు అలాగే మొద్దుబారుతాయి. చెప్పులో మేకు దిగినా తెలియక నడిచిన వారిని నా ఉద్యోగకాలంలో నేను చూశాను. వారికి చేయవలసిన పరీక్షకు ఎలక్ట్రానిక్ చర్మం అక్కరలేదు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు చాలు. మధుమేహ పాదాలకు ఈ పోగు పరీక్షను 1980లలో నిగ్గు తేల్చినది కూడా కార్విల్ ఆసుపత్రే. పోగు సంగతి మగ్గాల ఊరైన నగరికి నేను చెప్పనక్కరలేదు. అరికాలికి అది తగిలినట్లు తెలియకపోతే స్పర్శ పోయినట్లే.

మీకు చక్కెర వ్యాధి ఉంటే ఏడాదికొకసారి ఆ పరీక్ష చేయించుకోండి. ప్రతి రాత్రి పడుకునే ముందు రెండు అరికాళ్లనూ దీపపు వెలుగులో చూసుకోండి. కంటిచూపు ఆనకపోతే ఇంట్లోవారిని చూడమనండి. చెప్పులు తొడిగే ముందు దులపండి. నొప్పి లేకపోయినా పుండు కనబడితే ఆనాడే వైద్యుని వద్దకు వెళ్లండి. నొప్పి చేయవలసిన కాపలాను ఇక మీ కళ్లే చేయాలి.