పద్మిని కారు పునరుద్ధరణ

పాత ప్రీమియర్ పద్మినిని ఇంటి దగ్గరే విప్పి, బాగుచేసి, మళ్లీ రోడ్డెక్కించే పని. ముంబైలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964 నుంచి తయారుచేసిన ఫియట్ 1100డీకి 1970లలో పద్మిని అన్న పేరు వచ్చింది. 1,089 సీసీ పెట్రోలు ఇంజను, స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ దీని గుర్తులు. ఇంట్లో పని నేర్చుకోవడానికి ఇంత అనువైన కారు మరొకటి అరుదు.

ఇంజను సంగతి తర్వాత. ముందు చూడాల్సింది తుప్పు. మ్యాట్లు ఎత్తి స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే గట్టి రేకు టంగుమంటుంది, తుప్పుపట్టింది అప్పడంలా విరుగుతుంది. ఈ కారుకు విడిగా ఛాసిస్ ఉండదు, బరువంతా బాడీయే మోస్తుంది. అందుకే తలుపుల కింది రేకు కోసేముందు తలుపు ఖాళీల్లో అడ్డంగా ఇనుప కడ్డీలు వెల్డింగ్ చేయాలి. లేదంటే బాడీ కుంగిపోతుంది, తలుపులు సరిగా పడవు. తుప్పు మీదే లప్పం పూస్తే అది బుడగలు లేచి ఊడిపోతుంది.

ఏళ్ల తరబడి ఆగిన ఇంజనును ఒక్కసారిగా స్టార్ట్ చేయకూడదు. స్పార్క్ ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి, చేత్తో తిప్పి చూడాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకూడదు. ఖాళీ పెట్రోలు ట్యాంకుకు ఇంట్లో వెల్డింగ్ పెట్టకూడదు, మిగిలిన ఆవిరే పేలుతుంది.

ఇక రిజిస్ట్రేషన్ సంగతి. 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని కారుకు ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. అది పదేళ్లు చెల్లుతుంది.