ట్రాక్టరు బోల్తా: తప్పు ఎవరిది?

ట్రాక్టరు బోల్తాపడి నడుపువాడు మరణించెనను వార్త వినగానే ఎవరి నోటనైనను మొదట వచ్చు ప్రశ్న ఒకటే: "వాడు ఏమి చేసెను?" గట్టు అంచున తిప్పెనా? తాగి నడిపెనా? కునుకు తీసెనా? ఇది సహజమైన ప్రశ్నయే. అయితే ట్రాక్టరు పొలములోనికి వచ్చిన పిమ్మట సుమారు నలుబది ఏండ్లవరకు ఇంజనీర్లు, కంపెనీలు, న్యాయస్థానములు కూడ చాలవరకు ఈ ప్రశ్న వద్దనే ఆగిపోయిరి. "పొరపాటు చేసినంత మాత్రమున మనిషి చావవలసినదేనా?" అని అడుగుటకు చాల కాలము పట్టెను. ఆ రెండవ ప్రశ్న ఎట్లు పుట్టినదో చూతము.

హెన్రీ ఫోర్డు 1917 లో ఫోర్డ్‌సన్ ట్రాక్టరును పెద్ద ఎత్తున తయారుచేయ మొదలిడెను. మోటారుకార్ల వలెనే వరుసలో కూర్చి చేయుటచే దాని ధర 1922 నాటికి 395 డాలర్లకు దిగెను. గుఱ్ఱములతో దున్నుకొనుచున్న చిన్న రైతు కూడ దానిని కొనగలిగెను. అది తేలికైన బండి. ముందు చక్రములకు, వెనుక చక్రములకు మధ్య దూరము తక్కువ. నాగలి భూమిలోని రాతికో చెట్టువేరుకో తగిలి ఆగినప్పుడు, బెదరిన గుఱ్ఱము వెనుక కాళ్లపై లేచినట్లు ట్రాక్టరు ముందు భాగము లేచి, నడుపువానిపై వెల్లకిల పడెడిది. పత్రికలలో విమర్శలు వచ్చెను. కొన్ని ఏండ్లకు వెనుక చక్రముల మడ్‌గార్డులను వెనుకవైపునకు పొడవుగ సాగదీసి అమ్మసాగిరి. బండి లేచినచో వాని కొనలు నేలకు తగిలి ఆపునని ఆశ.

బండి ఎందుకు లేచును? గోడకు రంధ్రము చేయు డ్రిల్లింగు మిషను పట్టుకొన్నవారికి ఈ సంగతి చేతికే తెలిసియుండును. మొన గోడలో ఇరుక్కొని తిరుగనిచో మిషనే ఎదురువైపునకు తిరిగి మణికట్టును మెలిపెట్టును. ట్రాక్టరు కూడ అంతే. ఇంజను గేరుచక్రముల ద్వారా ఇరుసును ముందుకు త్రిప్పుచుండును. ఇరుసు తిరిగినంతసేపు బండి ముందుకు పోవును. వెనుక చక్రములు బురదలో బిగిసి కదలలేనిచో త్రిప్పుడు బలము ఊరకపోదు. బండి దేహమే ఇరుసు చుట్టు వెనుకకు తిరుగును. ముందు భాగము లేచిన కొలది గరిమనాభి వెనుకకు జరుగును. అది ఇరుసును దాటెనా, ఇంజను ఆపినను బండి ఆగదు.

ముందు చక్రములు నేల విడిచినది మొదలు ఈ హద్దు దాటుటకు పట్టు కాలము సుమారు ముక్కాలు సెకండు. పూర్తిగ తిరగబడుటకు సెకండున్నర. నడుపువాడు చూడవలెను, గ్రహించవలెను, కాలితో క్లచ్చి నొక్కవలెను. ఇన్నిటికిని సుమారు అంత కాలమే పట్టును. "జాగ్రత్తగ నడుపుము" అను హితవు మంచిదే కాని, దానిని పాటించుటకు కావలసిన వ్యవధి అక్కడ లేదు. మన వరిచేలలో కొన్నిచోట్ల దిగబడిన ట్రాక్టరును లాగుటకు వెనుక చక్రములకు దుంగను అడ్డముగ కట్టుదురు. దుంగ బురదలో పట్టుకొన్న క్షణమున చక్రములు ఆగిపోవును. తరువాతి కథ పైన చెప్పినదే. ఉపాధ్యాయులు తరగతిలో ఈ ఒక్క విషయము బోర్డుపై గీసి చూపినను చాలును.

ఐర్లండువాడైన హారీ ఫెర్గూసన్ ఈ చిక్కులో ఒక భాగమును చక్కగ విప్పెను. నాగలిని గొలుసుతో ఈడ్చుటకు బదులు మూడు కడ్డీలతో బండికి అతికించి రెంటిని ఒకే వస్తువుగ చేసెను. నాగలి రాతికి తగిలినప్పుడు పై కడ్డీ ముందుకు నెట్టి బండి ముందు భాగమును నేలకు అదుమును. 1936 లో ఆయన సొంత ట్రాక్టరుపైనను, 1939 లో ఫోర్డు కొత్త ట్రాక్టరుపైనను ఈ అమరిక వచ్చెను. నేటి ట్రాక్టర్లన్నిటి వెనుక కనిపించునది దాని సంతతియే.

కాని బండి పక్కకు పడుటను అది ఆపలేదు. నిజమునకు పక్కకు పడుటయే ఎక్కువ. ట్రాక్టరు నాలుగు చక్రములపై నిలిచినట్లు కనిపించును గాని, ముందు ఇరుసు నడుమనున్న చీలపై ఊగుచుండుటచే అది నిలుచునది ఒక త్రిభుజముపై: వెనుక చక్రములు రెండు, ముందు చీల ఒకటి. గరిమనాభి నుండి దిగిన నిలువుగీత ఆ త్రిభుజము దాటిన బండి పడును. పైగా 1932 నుండి ట్రాక్టర్లకు గాలి టైర్లు వచ్చి వేగము పెరిగెను. మలుపులో బయటికి నెట్టు బలము వేగముయొక్క వర్గముతో పెరుగును. వేగము రెట్టింపైన బలము నాలుగు రెట్లు.

రెండవ ప్రశ్నను గట్టిగ అడిగినది స్వీడన్. 1950 దశకములో అక్కడి పరిశోధకులు బోల్తాను ఆపుటను గూర్చి గాక, బోల్తాపడిన తరువాత నడుపువానికి చోటు మిగుల్చుటను గూర్చి ఆలోచించిరి. సీటు చుట్టు ఉక్కు చట్రము నిలిపి, భారమైన దిమ్మెను లోలకము వలె ఊపి దానిని కొట్టి చూచిరి. ఇందులో ఒక చమత్కారము కలదు. చట్రము ఏ మాత్రము వంగని మొండిదైన మంచిది కాదు, ఒక్కసారిగ విరుగవచ్చును. అది కొంత వంగి దెబ్బలోని శక్తిని మ్రింగవలెను, అయినను కూర్చున్నవాని చోటులోనికి చొరరాదు. 1959 జూలై నుండి కొత్త ట్రాక్టర్లన్నిటికి ఈ చట్రము ఉండవలెనని స్వీడన్ శాసించెను. క్రమముగ పాతవానికిని విస్తరించెను. 1957 లో బోల్తాలవలన ఏటా లక్ష ట్రాక్టర్లకు పదిమందికి పైగా మరణించుచుండగ, 1990 నాటికి ఆ సంఖ్య ఒకటికి లోపునకు దిగెను. స్వీడన్ రైతుల స్వభావము ఆ ముప్పది ఏండ్లలో మారెనని ఎవరును అనరు.

చట్రమునకు తోడు సీటు బెల్టు కావలెను. లేనిచో నడుపువాడు విసరబడి ఆ చట్రము క్రిందనే పడవచ్చును. చట్రము లేని బండిలో మాత్రము బెల్టు కట్టుకొనరాదు. అంతేకాదు, చట్రము కాచునది నడుపువానినే. 2018 ఏప్రిల్లో నల్లగొండ జిల్లాలో మిరప కోతకు పోవు కూలీల ట్రాక్టరు కాలువలో పడి పలువురు మరణించిరి. ట్రాలీలో కూర్చున్నవారిని ఏ చట్రమును కాపాడజాలదు.

అమెరికాలో 1966 లో డీర్ కంపెనీ ఇట్టి చట్రమును అమ్మకమునకు తెచ్చి, దాని పేటెంటును ఇతర కంపెనీలు ఉచితముగ వాడుకొనుటకు విడిచెను. మెచ్చదగిన పనియే. కాని చాలకాలము చట్రమునకు వేరుగ ధర చెల్లించవలసి యుండెను. ఆ ఖర్చు దండుగయని ఎందరో రైతులు తలచిరి. ఇక్కడ కోర్టులు రంగములోనికి వచ్చెను.

కోర్టుల దారి చాల వెనుకనుండి రావలెను. 1842 లో ఇంగ్లండులో ఒక టపాబండి విరిగి తోలువాడు కుంటివాడయ్యెను. బండి సరఫరాదారు ఒప్పందము టపాశాఖతోనే గాని తోలువానితో కాదని కోర్టు దావాను కొట్టివేసెను. ఆ గోడను కూల్చినది 1916 లో న్యూయార్కు న్యాయమూర్తి కార్డోజో. బ్యూక్ కారు చక్రపు కొయ్య ఆకులు విరిగిన కేసులో, కొన్నవానితో నేరుగ ఒప్పందము లేకున్నను తనిఖీ చేయని తయారీదారు బాధ్యుడేయని ఆయన తీర్పు చెప్పెను. 1963 లో కాలిఫోర్నియా న్యాయమూర్తి ట్రేనర్ ఇంకొక అడుగు వేసెను. ఇంటిలో వాడుకొను కోత, చిత్రిక యంత్రమునుండి కొయ్య ఎగిరి ఒకని నుదుటికి తగిలెను. పట్టి ఉంచవలసిన మరలు చాలనివి. లోపమున్న వస్తువు హాని చేసినచో తయారీదారు అజాగ్రత్తను వేరుగ రుజువు చేయనక్కరలేదని ఆ తీర్పు.

ఇంతవరకు ప్రమాదమునకు కారణమైన లోపము మాటయే. ప్రమాదము నడుపువాని వలననే జరిగి, గాయము మాత్రము యంత్రపు రూపము వలన పెరిగినచో? 1966 లో ఒక అమెరికా అప్పీలు కోర్టు, ఢీకొనుట కారు వాడుక కాదు గనుక కంపెనీకి పూచీ లేదనెను. రెండేండ్లకే 1968 లో మరియొక అప్పీలు కోర్టు జనరల్ మోటార్స్ కేసులో, కార్లు ఢీకొనుట అందరు ఎరిగినదే గనుక దానికి తగినట్లు రూపొందించవలెననెను. స్వీడన్ ఇంజనీర్ల ప్రశ్నయే ఇది, వకీలు భాషలో.

అయినను చిక్కు తీరలేదు. కొనువాడే చట్రము వద్దన్నచో? 1978 లో న్యూయార్కు కోర్టు ఒకటి, లోడరు యంత్రమునకు చట్రము దొరకునని తెలిసియు కొనని యజమానిదే ఎంపికయనెను. 1982 లో వేరొక రాష్ట్రపు చట్టము క్రింద ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీపై వచ్చిన కేసు వేరుగ తేలెను. పశువుల కొట్టము గుమ్మము పొట్టిది. చట్రముతో యంత్రము దూరదని యజమాని దానిని తీసివేయించి కొనెను. దానిపై పనిచేసిన కూలి మరణించెను. కొనువాడు అడిగినను, రక్షణ తీసివేసి అమ్మిన తయారీదారు తప్పించుకొనజాలడని అప్పీలు కోర్టు తేల్చెను. నాకు రెండవ తీర్పే న్యాయమనిపించును. గుమ్మము ఎత్తు యజమానికి తెలియును గాని, సీటుపై కూర్చున్నది అతడు కాదు గదా.

గడ్డి కోత యంత్రము విషయములోను ఇదే జరిగెను. గడ్డి ఇరుక్కొన్నప్పుడు ఇంజను ఆపకయే చేయి పెట్టి వ్రేళ్లు పోగొట్టుకొన్నవారు అమెరికాలో లెక్కకు మిక్కిలి. "చేయి పెట్టరాదు" అను చీటీ అంటించుటతో అది తగ్గలేదు. 1982 జూన్ చివరినుండి, పిడిని వదలిన 3 సెకండ్లలో బ్లేడు ఆగవలెనని నిబంధన వచ్చెను. తయారీదారులు కోర్టుకు పోయినను ఈ అంశము నిలిచెను.

ట్రాక్టర్లకు వచ్చిన నిబంధన అంత సమగ్రము కాదు. 1976 అక్టోబరు 25 తరువాత తయారై, జీతగాండ్రు నడుపు ట్రాక్టర్లకే అది వర్తించెను. సొంత పొలములో తానే నడుపుకొను రైతునకు కాదు. 1985 నుండి కంపెనీలు తమంతట చట్రముతోనే అమ్మసాగినను, నలుబది ఏండ్ల పాత బండ్లు ఇంకను పొలములో కలవు. వానికి చట్రము పెట్టించుకొనువారికి 2006 నుండి న్యూయార్కు రాష్ట్రములో ఖర్చులో అధికభాగము సాయముగ ఇచ్చుట ఆరంభమయ్యెను.

మన దేశములో నూర్పిడి యంత్రములలో చేతులు తెగిపోవుటను చూచి 1983 లో ప్రమాదకర యంత్రముల చట్టము చేసిరి. వస్తువు రూపకల్పనలోని లోపమునకు తయారీదారును బాధ్యుని చేయు అధ్యాయము 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టములో చేరి, 2020 జూలైలో అమలులోనికి వచ్చెను. అయితే హాని జరిగినప్పుడు వస్తువును దుర్వినియోగము చేసియుండినను, మార్చియుండినను విక్రేతపై దావా కుదరదని అందులోనే కలదు. బురదలో చక్రములకు దుంగ కట్టుట దుర్వినియోగమా, లేక ట్రాక్టరు చేసినవారు ముందే ఊహించదగిన పనియా అని ఎప్పుడో ఒక న్యాయమూర్తి అడుగక తప్పదు.