పాపువన్ భాషలన్నీ ఒకే ఇంటివా?

'గిరిజన భాష' అనే మాట బడిలో, దరఖాస్తుల్లో, వార్తల్లో మనకు తరచూ ఎదురవుతుంది. ఆ పేరుతో భాషా కుటుంబం ఏదీ లేదు. గోండి, కోయ, కువి తెలుగుకు చుట్టాలు. శ్రీకాకుళం కొండల సవర మాత్రం ముండా శాఖది. దాని దూరపు బంధువులు కంబోడియా, వియత్నాంలలో ఉన్నారు. కొండల్లో పుట్టినంత మాత్రాన భాషలు ఒకే ఇంటివి కావు. ఇలాంటి చిక్కే, ఇంకా పెద్దది, న్యూగినీ దీవిలో ఉంది.

ఆ దీవి తూర్పు సగంలోని పాపువా న్యూగినీ దేశంలోనే 800కు పైగా భాషలున్నాయి. వాటిలో కొన్ని మలయ్, ఫిజీ భాషల వంశానికి, అంటే ఆస్ట్రోనేషియన్‌కు చెందినవి. మిగతావి ఆ వంశానివి కావని 1890లలో గుర్తించినవాడు సిడ్నీ రే అనే లండన్ బడిపంతులు. ఆ మిగిలినవాటికే 'పాపువన్' అన్న పేరు స్థిరపడింది. అవి ఏవి కావో ఆ పేరు చెబుతుంది గానీ ఏవో చెప్పదు.

1971లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ పాపువన్ భాషలనూ, మన అండమాన్ భాషలనూ, టాస్మేనియా భాషలనూ కలిపి ఒకే మహా కుటుంబం అన్నాడు. చాలామంది భాషావేత్తలు ఒప్పుకోలేదు. విడి మాటలు పోలితే చాలదు కదా! సంతలో ఉప్పుతో పాటు మాటలూ చేతులు మారతాయి. చుట్టరికం తేలాలంటే ధ్వనులు ఒక వరసలో మారాలి. తెలుగు 'చెవి' గోండిలో 'కెవి', 'చెయ్యి' గోండిలో 'కయ్'. తెలుగులో 'చ' ఉన్నచోట గోండిలో 'క' ఉంది. ఇలాంటి జతలు ఎన్నో దొరికితేనే అది సాక్ష్యం.

న్యూగినీలో చాలా భాషలకు అంతటి పదపట్టికలే లేవు. అందుకే మాల్కమ్ రాస్ ముందుగా సర్వనామాలు పట్టుకున్నాడు. 'నేను', 'నువ్వు' లాంటివి ఎవరూ అంత తేలిగ్గా అరువు తెచ్చుకోరు. మన 'నేను' గోండిలో 'నన్నా' అయినట్టే, ఎంగా భాషలో 'నేను' అంటే 'నంబ', దూరాన తూర్పు తీరం వైపున్న కాటే భాషలో 'నో'. 2005లో ఆయన ఇలా 23 కుటుంబాలు లెక్కగట్టాడు. ఏ చుట్టమూ దొరకని భాషలు కొన్ని విడిగా మిగిలాయి. అన్నిటికంటే పెద్దది ట్రాన్స్ న్యూగినీ. కూక్ చిత్తడి నేలలో సుమారు 7,000 ఏళ్ల కిందటే జనం సేద్యం చేశారు. ఆ సేద్యంతోనే ఈ కుటుంబం కొండలంతా వ్యాపించిందని కొందరి అంచనా. మాకూ అది నమ్మదగ్గదిగానే తోస్తుంది.

అలా ఒంటరిగా మిగిలినవాటిలో ఒకటి తయాప్. గపూన్ అనే ఒకే ఒక్క ఊరి భాష. 1980లలో డాన్ కులిక్ అక్కడికి వెళ్లేసరికే పిల్లలు టోక్ పిసిన్‌లో మాట్లాడుకుంటున్నారు. ఆ తర్వాత పెరిగిన పిల్లలకు తయాప్ ఇంటిమాట కాలేదు. దాని వ్యాకరణం, పదకోశం పుస్తకంగా 2019లో వచ్చాయి. అప్పటికి ఆ భాష మాట్లాడేవాళ్లు కొన్ని పదుల మందే.