నాపరాయి: సీమ ఇంటి సామాను

ఇల్లు అలంకరించుకోవాలనగానే మన చూపు టేకు మీదికో, ప్లైవుడ్ మీదికో పోతుంది. రాయలసీమలో కొయ్య కంటే బండ సులభం. అందుకే అలమార అరలు, వంటగట్టు, వాకిటి అరుగు, నేల అన్నీ నాపరాతివే.

1872లో విలియం కింగ్ భూగర్భ సర్వే తరఫున ఈ నేల శిలలను కడప, కర్నూలు పేర్లతోనే గ్రంథస్థం చేశాడు. నేటి నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల బండలు నునుపుదేరి ఎన్నో ఇళ్ళకు నేలయ్యాయి. ముంబాయి వంటిళ్ళలో 'కడప్పా' అంటే ఊరు కాదు, గట్టు మీది నల్లబండ.

మన ఊళ్ళలో మాత్రం ఆ బండలనే పెకలించి టైల్స్ పరుస్తున్నారు. నడివేసవి మధ్యాహ్నం ఒళ్ళు వాల్చడానికి నాపరాతిని మించిన పరుపు నేనెరుగను. కొత్తగా కట్టుకునేవారు ఒక్క గదిలోనైనా దానికి చోటివ్వాలని నా మనవి.