మధుర పాదము

దక్షిణ మధుర అనగానే మనకు మీనాక్షీదేవి ఆలయగోపురములు తలపునకు వచ్చును. వైద్యగ్రంథములలో మాత్రము ఆ ఊరి పేరు ఒక పాదరోగమునకు అంటుకొని ఉన్నది. 1842లో అక్కడి వైద్యశాలలో పనిచేసిన గిల్ అనే ఆంగ్లవైద్యుడు వాచి, ఆకృతి చెడి, అనేక రంధ్రముల నుండి చీము కారే పాదములను గురించి వ్రాసినాడు. 1846లో బళ్లారి సైనికవైద్యుడు గాడ్‌ఫ్రీ ఇట్టి రోగులనే వర్ణించి లండనులోని లాన్సెట్ పత్రికలో ప్రకటించినాడు. తెలుగు, కన్నడము రెండును వినిపించే ఊరు బళ్లారి. కనుక ఈ చరిత్రలో మనకును కొంత పాలున్నది.

రోగము మాత్రము కొత్తది కాదు. చేతులలోను పాదములలోను మెల్లగా పెరిగి, పాముపుట్ట వలె పెక్కు ముఖములతో స్రవించే వ్యాధిని సుశ్రుతుడు వల్మీకమని పేర్కొని, క్షుద్రరోగములలో చేర్చినాడు. దానిని అనుభవించినవాడు క్షుద్రమని ఒప్పుకొనునో లేదో!

దీనికి మూలము సాధారణముగా ఒక ముల్లు, లేదా ఒక చిన్న గాయము. చెప్పులు లేక పొలములో నడిచే రైతు, మందను తోలుకొనిపోయే కాపరి, కట్టెలు కొట్టే కూలి: వీరి పాదములలోనికి మట్టిలోని సూక్ష్మజీవి ఆ గాయము వెంట ప్రవేశించును. చిన్న గడ్డ లేచును. నొప్పి అంతగా ఉండదు. అదే ఇందులోని మోసము. నొప్పి లేని గడ్డకు కూలిపని మానుకొని వైద్యుని వద్దకు ఎవరు పోవుదురు? ఏండ్లు గడచిన పిదప వ్యాధి ఎముకను తినివేయును; అప్పటికి కాలు తీసివేయుట తప్ప గత్యంతరము లేని వారు ఎందరో.

చీములో చిన్న పలుకులు పడును. కొందరికి తుపాకిమందు వలె నల్లనివి, కొందరికి చేపగుడ్ల వలె తెల్లనివి. ఈ పలుకులను సూక్ష్మదర్శినిలో పరీక్షించినవాడు హెన్రీ వాన్‌డైక్ కార్టర్. 1858లో వెలువడిన గ్రే శరీరనిర్మాణ గ్రంథమునకు బొమ్మలు గీసినది ఇతడే. గ్రంథకర్తకు దక్కిన కీర్తి చిత్రకారునకు దక్కలేదు. ఆ సంవత్సరమే బొంబాయి చేరిన కార్టర్, 1860లో ఇది శిలీంధ్రము వలన కలిగే వ్యాధి అని ప్రకటించినాడు. 'మైసిటోమా' అనే పేరు అతడు పెట్టినదే. 1874లో దీనిపై పెద్ద గ్రంథము వెలువరించినాడు.

అతని మాట సగము నిజము. శిలీంధ్రమును పోలిన బాక్టీరియాలు కూడ ఇదే రూపమున రోగమును కలిగించునని 1913లో పినోయ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెండు తెగలను వేరుచేసినాడు. ఇది పండితుల తగవు కాదు. బాక్టీరియా తెగకు సూక్ష్మజీవనాశక ఔషధములు చక్కగా పనిచేయును. శిలీంధ్రపు తెగకు నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి ఖరీదైన మందు మ్రింగవలెను, శస్త్రచికిత్సయు చేయించుకొనవలెను. పొరబడినచో రోగికి కాలమును ధనమును రెండును పోవును. నల్ల పలుకుల శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన మదురెల్లా అనే పేరులో మరల మధురయే దాగి ఉన్నది.

ఊరి పేరు ఇక్కడిదైనను, ఈ వ్యాధి మెక్సికోలోను, ఆఫ్రికాలోను, మన రాజస్థానములోను కూడ ఉన్నది. అధికముగా బాధపడే దేశములలో సూడాన్ ఒకటి. అక్కడి గ్రామములలో తుమ్మముండ్ల కంచెల నడుమ తిరిగే యువకులే ఎక్కువగా దీని వాతబడుదురు. కాలు చెడినచో పని పోవును, ఇల్లు గడవదు. వారికొరకు 1991లో ఖార్టూములో ఒక పరిశోధన కేంద్రము ఏర్పడి వేలాది రోగులకు చికిత్స చేసినది. 2016లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ వ్యాధిని నిర్లక్ష్యమునకు గురియైన ఉష్ణమండల వ్యాధుల పట్టికలో చేర్చినది. 2023 ఏప్రిల్‌లో ఆరంభమైన అంతర్యుద్ధములో ఆ కేంద్రము ధ్వంసమైనది. దశాబ్దులుగా పోగుచేసిన రోగుల వివరములును, భద్రపరచిన పలుకుల నమూనాలును దానితోపాటే పోయినవి.