పాత మందుల నిఘంటువు

2020 మార్చి చివరి వారంలో ఒక ఉదయం మా వీధి మందుల దుకాణానికి వెళ్ళాను. మా ఇంటావిడ కీళ్ళవాతానికి ఏళ్ళ తరబడి వాడుతున్న హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు నిండుకున్నాయి. “అయిపోయాయండి మాస్టారూ! కరోనాకు పనిచేస్తుందట గదా, ఉన్న సరుకంతా పట్టుకుపోయారు” అన్నాడు దుకాణదారు. మరి రెండు చోట్ల అడిగి ఉత్తచేతులతో ఇల్లు చేరాను. మాత్ర లేకుండా నెలన్నర గడిచేసరికి ఆమె వ్రేళ్ళు వాచి, కాఫీ గ్లాసు పట్టుకొనడమే కష్టమయింది.

ఒక వ్యాధికి పుట్టిన మందు మరొక వ్యాధికి పనికివస్తుందని చెప్పేదెవరు, దేనిని చూచి చెబుతారు అన్న సందేహం నాకు అప్పుడు కలిగింది. తరువాత చదివి తెలుసుకొన్నది మీ ముందు ఉంచుతున్నాను. తెలుగు చెప్పుకొని బ్రతికినవాణ్ణే గాని వైద్యుణ్ణి కానని ముందే మనవి.

మందులు వృత్తి మార్చుకోవడం క్రొత్త సంగతి కాదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మలేరియా మందుల వంశంలో పుట్టి, తరువాత కీళ్ళవాతానికి వచ్చింది. మా ఇంటావిడ మందులపెట్టెలో దాని ప్రక్కనే ఉండే మెథోట్రెక్సేట్ కథ మనకు మరీ దగ్గరిది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలను నడిపిన రోజులలో, 1940లలో, అక్కడ రూపొందిన మందుల కోవలోది అది. మొదట రక్తక్యాన్సరుకు వాడిన ఆ మందు 1988లో అమెరికాలో కీళ్ళవాతానికి అనుమతి పొందింది. ఇటువంటి మార్పులు వైద్యుల అనుభవం మీద, దశాబ్దాలపాటు, నెమ్మదిగా జరిగేవి. మహమ్మారి అంత వ్యవధి ఇవ్వదు.

2020 నాటికి శాస్త్రజ్ఞుల చేతిలో మరొక సాధనం సిద్ధంగా ఉంది. అది అందరికీ తెరిచి ఉంచిన సమాచార భాండాగారం. ప్రోటీన్ల ఆకృతులను భద్రపరచే ప్రోటీన్ డేటా బ్యాంక్ 1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో ఏడంటే ఏడు ఆకృతులతో మొదలయింది. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం 2006లో వెలువరించిన డ్రగ్‌బ్యాంక్‌లో వెదికితే, ఏ మందు శరీరంలో ఏ ప్రోటీను మీద పనిచేస్తుందో తెలుస్తుంది.

2020 జనవరి 11న, షాంఘైలో జాంగ్ యోంగ్‌జెన్ బృందం చదివిన వైరస్ జన్యుక్రమాన్ని సిడ్నీలో పనిచేసే ఎడ్వర్డ్ హోమ్స్ అందరి ముందు పెట్టాడు. అది సుమారు ముప్పైవేల అక్షరాల వ్రాత. మరునాడే జాంగ్ ప్రయోగశాలను మూసివేయించారు. అప్పటికే ఆ వ్రాత లోకమంతా పాకిపోయింది. ఫిబ్రవరి 5న షాంఘైటెక్ విశ్వవిద్యాలయం వారు తేల్చిన ఒక వైరస్ ప్రోటీను ఆకృతి, 6ఎల్‌యు7 అన్న గుర్తుతో ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో వెలువడింది. వైరస్ తన ప్రోటీన్లను పొడవైన దండగా గ్రుచ్చి, తరువాత ముక్కలుగా కత్తిరించుకొంటుంది. ఆ కత్తెర ఈ ప్రోటీను. కత్తెర ఆకారం తెలిసింది కనుక, దాని సందులో ఇరుక్కొని కదలనీయకుండా చేసే పాత మందు ఏదైనా ఉన్నదా అని దేశదేశాలలో కంప్యూటర్ల మీద వెదికారు.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నెవన్ క్రోగన్ బృందం మరొక దారి పట్టింది. 26 వైరస్ ప్రోటీన్లు మన కణాలలోని ఏయే ప్రోటీన్లతో చేతులు కలుపుతున్నాయో చూచి, 332 బంధాల పటం గీసింది. ఆ పటాన్ని బట్టి 69 రసాయనాలను ఏరింది. వాటిలో 29 అప్పటికే అనుమతి పొందిన మందులు. మార్చిలోనే ముసాయిదాను అందరికీ విడుదల చేసి, ఏప్రిల్ 30న నేచర్ పత్రికలో ప్రకటించారు.

ఇక్కడ నాకు తరగతి గది గుర్తుకు వస్తుంది. నిఘంటువు చేతిలో ఉంటే పద్యం దానంతటదే వస్తుందనుకొనే పిల్లవాడు ఏటా ఒకడుండేవాడు. గణానికి సరిపోయే పర్యాయపదాలు నాలుగు దొరుకుతాయి. సందర్భానికి ఒదిగేది వాటిలో ఒక్కటీ ఉండకపోవచ్చు. మందుల పట్టికలకూ ఇదే జరిగింది. ప్రయోగశాలలో పెంచిన కణాలలో వైరస్‌ను అడ్డుకొన్న పాత మందులు ఎన్నో తేలాయి. 2021 జూన్‌లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన వాటి గుట్టు విప్పింది. వాటిలో చాలా మందులు కణంలో ఒక విధమైన కొవ్వు పేరుకొనేటట్లు చేసి, ఆ చిందరవందరలో వైరస్‌ను ఆపినట్లు కనబడ్డాయి. మనిషి ఒంట్లో అది చికిత్స కాదు, దుష్ఫలితం. ఈ తప్పును చూపినవారిలో బ్రయాన్ షోయిచెట్ ఒకడు. 69 రసాయనాల పట్టిక కూర్చినవారిలోనూ ఆయన ఉన్నాడు. తన వ్రాతప్రతిని తానే దిద్దుకొన్న పండితుడి పట్ల కలిగే గౌరవం నాకు ఆయన పట్ల కలిగింది.

దిద్దాలంటే ముందు వ్రాత కంటికి కనబడాలి. 2020 మే 22న లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. 671 ఆసుపత్రులు, 96,032 మంది రోగుల వివరాలు చూశామనీ, హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడినవారిలో మరణాలు ఎక్కువనీ దాని సారాంశం. ఆ వివరాలు సర్జిస్ఫియర్ అనే సంస్థ వద్ద ఉన్నాయన్నారు. మే 25న ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పరీక్షలలో ఆ మందును ఆపివేసింది. అసలు వివరాలు చూపమంటే సర్జిస్ఫియర్ చూపలేదు. జూన్ 4న నలుగురు రచయితలలో ముగ్గురు వ్యాసాన్ని ఉపసంహరించుకొన్నారు.

తీర్పు చివరకు పెద్ద ఎత్తున జరిగిన పరీక్షల వలన వచ్చింది. బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం నడిపిన రికవరీ పరీక్షలో రోగులను చీటీలు తీసినట్లుగా పంచారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ తీసుకొన్న 1,561 మందిలో 28 రోజులలో మరణించినవారు నూటికి 27, మామూలు చికిత్స పొందిన 3,155 మందిలో నూటికి 25. అంటే మేలు లేదు. జూన్ 16న అదే పరీక్ష, 1950ల నాటి చౌకమందు డెక్సామెథాసోన్ వెంటిలేటరుపై ఉన్నవారి మరణాలను మూడో వంతు తగ్గించిందని ప్రకటించింది. అది వైరస్‌ను తాకదు, అదుపు తప్పిన మన రోగనిరోధకశక్తినే అణచుతుంది. ప్రాణవాయువు అవసరం లేనివారికి దాని వలన మేలు కనబడలేదు. ఈ చివరి వాక్యాన్ని మరచినందుకు మనం మూల్యం చెల్లించాము. 2021 రెండవ అలలో స్టెరాయిడ్లను విచ్చలవిడిగా వాడడం నల్ల ఫంగస్‌కు ఒక కారణమని వైద్యులే చెప్పారు.

పట్టికలు వ్యర్థమని నేను అనను. కీళ్ళవాతపు మందు బారిసిటినిబ్ పనికిరావచ్చునని 2020 ఫిబ్రవరిలోనే లండనులోని బెనివొలెంట్‌ఏఐ సంస్థవారు, వైద్యగ్రంథాలను యంత్రంతో చదివించి ఊహించి, ప్రచురించారు. రికవరీ పరీక్షలో అది మరణాలను 13 శాతం తగ్గించింది. 2022 మేలో అమెరికా అనుమతి వచ్చింది. ఊహకూ అనుమతికీ నడుమ రెండేళ్ళ పరీక్ష ఉంది. 2020 మార్చిలో మా వీధిలో మాత్రలు ఎత్తుకుపోయినవారు ఆ నడిమి భాగాన్ని దాటేశారు.

జూన్‌లో మాత్రలు మళ్ళీ దొరికాయి. డెక్సామెథాసోన్ వార్త పేపరులో చదివి వినిపిస్తే, “ఇక దాన్ని ఎవరు కొని దాచుకుంటారో!” అన్నది మా ఇంటావిడ, వాచిన వ్రేళ్ళు నిమురుకొంటూ.