సెకన్ల మారకం: స్ప్రింట్ కాలాలను ఒక దూరం నుంచి మరో దూరానికి లెక్కగట్టిన చరిత్ర

1958 కార్డిఫ్ కామన్వెల్త్ క్రీడల్లో మిల్ఖా సింగ్ స్వర్ణం గెలిచింది 400 మీటర్లలో కాదు, 440 గజాల్లో. కాలం 46.6 సెకన్లు. అప్పట్లో కామన్వెల్త్ దేశాల్లో, అమెరికాలో గజాల పందేలు విరివిగా జరిగేవి. ఒలింపిక్స్‌వి మాత్రం మీటర్లు. ఇక్కడి పరుగును అక్కడి పరుగుతో పోల్చాలంటే లెక్కగట్టక తప్పేది కాదు.

తొలి లెక్క తేలిక. 440 గజాలంటే 402.34 మీటర్లు. ఆ కాస్త దూరానికి 0.3 సెకను తీసేస్తే మిల్ఖా కాలం 46.3. 100 గజాలు 91.44 మీటర్లే కనుక 100 మీటర్లకు 0.9 కలిపేవారు. అమెరికా పరుగువీరుడు బాబ్ హేస్ 1963లో 100 గజాలను 9.1లో, మరుసటి ఏడు టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్లను చేతి స్టాప్‌వాచ్ లెక్కలో 10.0లో పరిగెత్తాడు. సూత్రం అచ్చంగా సరిపోయింది. 1976లో ప్రపంచ రికార్డుల జాబితాలో మైలు తప్ప మిగిలిన గజాల దూరాలను వదిలేశారు.

రెండో చిక్కు గడియారానిది. తుపాకీ పేలాక స్టాప్‌వాచ్ నొక్కే వేలికి క్షణం ఆలస్యమవుతుంది. అందుకే చేతి కాలం అసలు కంటే తక్కువగా వస్తుంది. దానికి 100, 200 మీటర్లలో 0.24, 400లో 0.14 సెకను కలపడం ఆనవాయితీ అయింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 400 మీటర్లకు మిల్ఖా చేతి కాలం 45.6. 0.14 కలిపితే 45.74. ఎలక్ట్రానిక్ లెక్క 45.73!

ఈ రెండు లెక్కల్లోనూ సవరించేది కొలతబద్దనీ గడియారాన్నీ. ఒక దూరపు కాలం నుంచి మరో దూరపు కాలాన్ని అంచనా వేసే మూడో లెక్కకు మనిషే అడ్డొచ్చాడు. పరుగు కాలం దూరపు 9/8 ఘాతంతో పెరుగుతుందని 1906లో ఇంజినీరు ఆర్థర్ కెనెలీ ప్రతిపాదించాడు. దాని ప్రకారం 9.58లో 100 పరిగెత్తిన ఉసేన్ బోల్ట్‌కు 200 మీటర్లకు 20.89 పట్టాలి. పట్టింది 19.19. కారణం, 100లో నిలిచిన స్థితి నుంచి వేగం పుంజుకునే ఖర్చు పెద్దది; 200లో ఆ ఖర్చు రెండోసారి ఉండదు. 400కి వచ్చేసరికి అలసట ఎదురు తిరుగుతుంది. దాదాపు 291 మీటర్ల దాకా పూర్తి శక్తితోనే పరిగెత్తవచ్చనీ, ఆపైన శక్తిని పొదుపుగా వాడాలనీ 1973లో గణితవేత్త జోసెఫ్ కెల్లర్ లెక్కగట్టి చూపాడు.

అయినా వేర్వేరు దూరాల కాలాలను పోల్చే మోజు తీరలేదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో డోనవన్ బెయిలీ 100ను 9.84లో, మైకెల్ జాన్సన్ 200ను 19.32లో గెలిచారు. 19.32లో సగం 9.66 కదా, జాన్సనే వేగవంతుడన్నారు కొందరు. జాన్సన్ రెండో వంద పరుగెత్తుతూనే మొదలుపెట్టాడన్న సంగతి ఆ భాగహారంలో లేదు. ఆ వాదన తేల్చడానికి 1997లో టొరంటోలో ఇద్దరికీ 150 మీటర్ల పందెం పెట్టారు. జాన్సన్ గాయంతో ఆగిపోగా బెయిలీ 14.99లో ముగించాడు.

200 కాలాన్ని రెట్టింపు చేసి మూడున్నర సెకన్లు కలిపితే 400 కాలమన్నది కోచ్‌ల వాడుక లెక్క. వేడ్ వాన్ నీకెర్క్ ఉత్తమ కాలాలు 19.84, 43.03; రెట్టింపుకు తేడా 3.35. జాన్సన్‌వి 19.32, 43.18; తేడా 4.54. ఇద్దరూ 400లో ప్రపంచ రికార్డు నెలకొల్పినవాళ్లే. ఒకరిది ఓర్పు బలం, మరొకరిది వేగం బలం. కాబట్టి మార్పిడి పట్టికతో ఎవరు గొప్పో తేల్చకూడదు. లెక్క ఎక్కడ తప్పిందో చూస్తే పరుగువీరుడి శిక్షణలో దేనికి పదును పెట్టాలో తెలుస్తుంది. దాని నిజమైన ప్రయోజనం అదే.